నవంబరులో మొలిచి ఏప్రిల్‌లో పోయిన లాన్: చలిదేశపు గడ్డి విత్తనంపై ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ ఉత్తర శివారులోని ఒక ఇంటి ముందున్న 1,800 చదరపు అడుగుల లాన్ కథ ఇది. ఇంటివారు ఉద్యోగ విరమణ చేసిన దంపతులు. వారి అనుమతితోనే రాస్తున్నాను. వారిని గానీ, వారి కాలనీని గానీ గుర్తుపట్టగల సంగతులను వదిలేశాను. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో లాన్లు వేయించడం, పాడైనవాటిని బాగుచేయించడం నా వృత్తి. అంతకుముందు రెండేళ్లు శ్రీనగర్‌లో ఒక తోటలో పనిచేసినందువల్ల చలిప్రాంతపు గడ్డి జాతులతో నాకు ప్రత్యక్ష పరిచయం ఉంది. ఆ పరిచయం ఉండి కూడా ఈ కేసులో నేను రెండు తప్పు నిర్ణయాలు తీసుకున్నాను. విత్తనం ఎంపికలో ఆలోచన ఎక్కడ దారి తప్పుతుందో ఈ ఒక్క లాన్ స్పష్టంగా చూపించింది కనుక, ఆ తప్పులతో సహా దీన్ని నమోదు చేస్తున్నాను.

నేపథ్యం

దంపతుల కుమారుడు అమెరికా ఉత్తర ప్రాంతంలో, శీతకాలమంతా మంచు పడే ఊళ్లో స్థిరపడ్డాడు. అమ్మగారు అక్కడ ఆరు నెలలు ఉండి వచ్చారు. ఆ ఇంటి వెనుక గడ్డి సన్నగా, మెత్తగా, ముదురు పచ్చగా ఉంటుందని, మనవరాలు దాని మీద చెప్పుల్లేకుండా పరుగెత్తేదని ఆమె నాతో మూడు నాలుగు సార్లు చెప్పారు. ఇక్కడి లాన్లలో వేసే గరుకైన మెక్సికన్ గడ్డి మీద ఉత్త కాళ్లతో నడిచినవారికి ఆ మాటలోని బరువు తెలుస్తుంది. ఇక్కడి తమ లాన్ పాతబడి, సగానికి పైగా తుంగ కమ్మేసింది. అక్టోబరులో కుమారుడు వస్తూ వస్తూ అదే గడ్డి విత్తనం రెండు సంచులు, మొత్తం ఆరు కిలోలు, సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు.

సంచి మీద ‘ఎండకూ నీడకూ’ అని పెద్ద అక్షరాలలో ఉంది. వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉన్న లేబుల్‌ను నేను వెళ్లేదాకా ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు. అందులో అసలు విత్తనం సగమే; మిగిలిన సగం బరువు నీటిని పట్టి ఉంచేందుకు గింజ చుట్టూ వేసిన రంగు పూత. ఆ సగం విత్తనంలో బరువు లెక్కన పెరెన్నియల్ రైగ్రాస్ 40 శాతం, సన్నాకు ఫెస్క్యూ 40 శాతం, కెంటకీ బ్లూగ్రాస్ 20 శాతం ఉన్నాయి. కలుపు విత్తనం 0.1 శాతం అని కూడా రాసి ఉంది. ఆరు కిలోలలో 0.1 శాతమంటే ఆరు గ్రాములు. కలుపు గింజలు చిన్నవి కనుక ఆరు గ్రాములలో వేల గింజలు ఉండగలవు.

నవంబరు రెండో వారంలో విత్తారు. ఇంటి మాలి అనుభవజ్ఞుడు. తుంగను పైపైన తవ్వించి, చివికిన పశువుల ఎరువు కలిపి, విత్తనం చల్లి, పలుచగా మట్టి కప్పి, రోజుకు మూడు పూటలు సన్నని జల్లుతో తడిపాడు. విత్తడంలో లోపమేమీ లేదు. ఆరో రోజుకే రైగ్రాస్ మొలిచింది, రెండో వారం చివరికి ఫెస్క్యూ కనబడింది. డిసెంబరు ఆఖరుకు ఆ కాలనీలో అంత అందమైన లాన్ మరొకటి లేదు. సంక్రాంతికి వచ్చిన బంధువులు దాని మీద కూర్చుని ఫొటోలు దిగారు, ఇద్దరు ఇరుగుపొరుగువారు విత్తనం కావాలని అడిగారు. ఆ రెండు నెలల పచ్చదనమే ఈ కేసులో అందరినీ మోసగించింది. విత్తనం పనికిరాదని తేలాలంటే అది మొలవకుండా ఉండాలి అన్న నమ్మకం మనకు సహజంగా ఉంటుంది. చలిప్రాంతపు విత్తనం మాత్రం మన శీతకాలంలో చక్కగా మొలుస్తుంది.

సమస్య

నన్ను పిలిచింది మార్చి రెండో వారంలో. ఫిబ్రవరి చివర రంగు తగ్గడం మొదలైందని, నేలకు బలం తగ్గిందేమోనని మాలి యూరియా చల్లాడని, నీళ్లు చాలడం లేదేమోనని సాయంత్రం మరో పూట పెట్టారని, ఆ తరువాత తెల్లవారుజామున గడ్డి మీద బూడిదరంగు దూది పోగుల వంటివి కనబడితే మందుల దుకాణంలో అడిగి బూజు మందు కొట్టించారని చెప్పారు. అంటే అప్పటికే మూడు నిర్ధారణలు, మూడు చికిత్సలు జరిగిపోయాయి. ఏ ఒక్కటీ అర్థంలేనిది కాదు, అయినా లాన్ రోజురోజుకూ క్షీణిస్తోంది.

ఇలాంటప్పుడు నేను మొదట అడిగేది, ముందుగా ఎక్కడ పాడైంది అని. మాలి బాగా గుర్తుపెట్టుకున్నాడు: పడమటి ప్రహరీ వెంబడి, కారు నిలిపే కాంక్రీటు అంచున ముందు పసుపెక్కింది, వేపచెట్టు తూర్పు నీడలో చివరిదాకా పచ్చగానే ఉంది. ఆ ఒక్క జవాబుతో నాకు సగం సంగతి తెలిసిపోయింది. నేలలో పోషకాల లోపమైతే అది కాంక్రీటు అంచును వెతుక్కుంటూ పోదు. నీటి ఎద్దడి అనుకుందామంటే, పలుగుతో తీసి చూసినప్పుడు నాలుగు అంగుళాల లోతున మట్టి ముద్దగా తడిగా ఉంది. బూజు సాయంత్రం నీళ్లు నిలిచే పల్లపు చోట్లలోనే ఉంది, అది కూడా రంగు తగ్గిన రెండు వారాల తరువాత వచ్చింది. గోడ, కాంక్రీటు పగలంతా వేడిని పట్టి రాత్రి వదులుతాయి. లాన్ పాడైన క్రమం ఆ వేడిని అనుసరించింది.

నిర్ధారించుకోవడానికి నాలుగు చోట్ల గడ్డిని వేరుతో సహా దిమ్మగా కోసి చూశాను. వేర్లు అంగుళంన్నరకు మించి లేవు; చివరలు గోధుమరంగుకు తిరిగాయి. మట్టి థర్మామీటరును రెండంగుళాల లోతున పెట్టి మధ్యాహ్నం రెండున్నరకు చూస్తే 33 డిగ్రీలు, మర్నాడు ఉదయం ఆరుకు 25 డిగ్రీలు. అప్పటికింకా మార్చి నెలే.

ఇక్కడ కారణం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. సంచిలోని మూడు గడ్డి జాతులూ సి3 రకానివి, అంటే ఆహారం తయారీకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా వాడుకునేవి. వాటి ఆకులు 15 నుంచి 24 డిగ్రీల మధ్య, వేర్లు 10 నుంచి 18 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. వేడి పెరిగిన కొద్దీ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవలసిన రుబిస్కో ఎంజైము ఆక్సిజన్‌ను కూడా ఎక్కువగా పట్టుకోవడం మొదలుపెడుతుంది, దానితో పగలు తయారయ్యే ఆహారం తగ్గుతుంది. రాత్రి చల్లబడకపోతే శ్వాసక్రియ జోరుగా సాగి, తయారైన కొద్దిపాటి ఆహారమూ ఖర్చైపోతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన ఆ స్థితిలో మొక్క ముందుగా వేర్లను వదులుకుంటుంది. గరిక, జొన్న, మొక్కజొన్న, చెరకు సి4 మొక్కలు. కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఒకచోట పోగుచేసి రుబిస్కోకు అందించే ఏర్పాటు వాటి ఆకులలో ఉంటుంది కనుక 27 నుంచి 35 డిగ్రీల వేడి వాటికి అనుకూలం. అయితే సి3 మొక్కలన్నీ మన వేడికి ఓడిపోతాయని అనుకోకూడదు. వరి కూడా సి3 మొక్కే, అది వేడి ప్రాంతాలలో పుట్టి పెరిగిన జాతి. మన సందర్భానికి దగ్గరి పోలిక గోధుమ. ఉత్తరాదిన నవంబరులో విత్తి, ఎండలు ముదిరేలోగా కోసుకుంటారు. తెలంగాణలో చలికాలం పొట్టిది కాబట్టి దాని సాగు నామమాత్రం. ఈ ఇంటివారు తెలియకుండానే గోధుమ పంట లాంటిదాన్ని వేసి, అది ఏడాది పొడవునా ఉండాలని ఆశించారు.

కాబట్టి లాన్‌ను చంపుతున్నది బూజు కాదు. వేడికి బలహీనపడిన గడ్డి మీదకు బూజు వచ్చింది. రాత్రి 20 డిగ్రీలు దాటి, ఆకు గంటల తరబడి తడిగా ఉండి, పైగా యూరియాతో ఆకు లేతగా పెరిగితే పిథియం బూజుకు అంతకంటే అనువైన స్థితి ఉండదు. మంచి ఉద్దేశంతో చేసిన రెండు పనులు మూడోదాన్ని పిలుచుకొచ్చాయి.

ప్రయత్నించినవి, విఫలమైనవి

ఆ రోజే చేయవలసిన పనులలో సందేహం లేదు. యూరియా ఆపించాను. సాయంత్రం తడి మాన్పించి, తెల్లవారుజామున ఒక్కసారే లోతుగా పెట్టమన్నాను. అంగుళం ఎత్తుకు కోస్తున్న మిషన్‌ను మూడంగుళాలకు పెంచాను. ఆకు ఎక్కువుంటే నేల మీద నీడ ఉంటుంది, వేరుకు ఆహారం అందుతుంది.

మరో పని కూడా ఆపించాను, అది చాలామందికి తోచదు. కోసిన గడ్డిని పాలవాడు ఆవులకు పట్టుకుపోతున్నాడు. లాన్ కోసం పెంచిన రైగ్రాస్, ఫెస్క్యూ రకాలలో చాలావాటికి ఎండోఫైట్ అనే శిలీంధ్రం గడ్డి లోపలే సహవాసం చేస్తూ పురుగుల నుంచి కాపాడుతుంది. లాన్‌కు మేలు చేసే ఆ గుణమే మేసిన పశువుకు విషమవుతుంది. పూతలో, బూజు మందులో ఏమున్నాయో చెప్పలేని స్థితి కూడా తోడైంది. “ఇంట్లో గడ్డే కదా బాబూ, ఆవుకు పెడితే పుణ్యం అనుకున్నాం” అని అమ్మగారు నొచ్చుకున్నారు. పశువుకు ఏమీ కాలేదని పాలవాడిని అడిగి తెలుసుకున్నాకే ఆమె కుదుటపడ్డారు.

అప్పటికి మిగిలి ఉన్న కిలో విత్తనాన్ని వేడినీళ్లలో ఉడికించి లోతుగా పాతిపెట్టించాను. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనం మన దేశంలోకి రావాలంటే దిగుమతి అనుమతి, పురుగులు, తెగుళ్లు లేవని ఎగుమతి చేసే దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో పెట్టుకు రావడం ఆ నిబంధనకు విరుద్ధం. చాలామందికి ఇది తెలియకనే చేస్తారు. పైన చెప్పిన ఆరు గ్రాముల కలుపు గింజలు తలచుకుంటే ఆ నిబంధన ఎందుకుందో అర్థమవుతుంది. పక్కింటివారికి పంచిపెట్టకముందే ఆపగలిగినందుకు నాకు తృప్తిగా ఉంది.

తరువాతి నిర్ణయంలో నేను తప్పాను. ఏప్రిల్ చివరి వారంలో ఆ ఇంట్లో నిశ్చితార్థం ఉంది, లాన్‌లోనే చేయాలని వారి కోరిక. అయ్యగారు “ఆ ఒక్క రోజు వరకు నిలబెట్టండి చాలు, తరువాత మీరేం చెబితే అది” అన్నారు. ఈ గడ్డి వేసవి దాటదని నాకు తెలుసు; అయినా ఆరు వారాలు నెట్టుకురావచ్చని అంచనా వేశాను. యాభై శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టించి, మధ్యాహ్నం రెండు నిమిషాల పాటు ఆకు మాత్రమే తడిసేలా జల్లు కొట్టించాను. గోల్ఫ్ మైదానాలలో ఎండ మండే రోజులలో ఆకును చల్లబరచడానికి చేసే పని అది. నెట్ కింద పగటి వేడి తగ్గిన మాట నిజమే. రాత్రి వేడి తగ్గలేదు, పైగా నెట్ గాలిని అడ్డుకోవడంతో ఆకు మీది తడి ఆరడం ఆలస్యమైంది. ఏప్రిల్ మొదటి వారంలో బూజు మళ్లీ వచ్చింది, పది రోజులలో ముప్పావు వంతు లాన్ పోయింది. పగటి ఉష్ణోగ్రతను మాత్రమే చూసి లెక్కవేయడం నా పొరపాటు. హైదరాబాద్‌లో మే నెల రాత్రులు సగటున 26 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఏప్రిల్ రాత్రులు కూడా అంతకు పెద్దగా తగ్గవు. రాత్రి వేడికి నెట్ లేదు.

రెండో పొరపాటు ఆ నెట్‌తో పాటే జరిగింది. రైగ్రాస్ పోతున్న కొద్దీ దాని చోట గరిక జాతి లాన్ గడ్డి అయిన బెర్ముడా అందుకుంటుందన్న ఆశతో, మార్చి చివర పలుచబడిన చోట్ల బెర్ముడా విత్తనం చల్లించాను. మట్టి వెచ్చగా ఉంది కాబట్టి అదే తగిన సమయం అనుకున్నాను. మట్టి వేడి ఒక్కటే సరిపోదు. బెర్ముడా గింజ గసగసాల గింజంత కూడా ఉండదు, దాన్ని లోతుగా కప్పలేము, మొలిచే రెండు మూడు వారాలు పై పావు అంగుళం మట్టి ఆరకూడదు. బూజు భయంతో నేనే తడి తగ్గించాను. ఒకే నేల మీద ఒక గడ్డికి పొడి, మరో గడ్డికి తడి ఇవ్వడం సాధ్యం కాదని ముందే ఆలోచించి ఉండాలి. దానికి తోడు ఆ వారంలోనే బోరు తగ్గి ట్యాంకరు మీద ఆధారపడాల్సి వచ్చింది. నెట్ నీడ మరో దెబ్బ. బెర్ముడా నీడకు అసలే ఓర్వదు. అక్కడక్కడ పది పదిహేను మొలకలు తప్ప ఏమీ రాలేదు, తుంగ మాత్రం నీటిని ఆనందంగా వాడుకుంది.

నిశ్చితార్థానికి రెండు వారాల ముందు వెళ్లి, లాన్ నిలవదని చెప్పాను. గడ్డి చెక్కించి, నేల చదును చేయించి, నీళ్లు చల్లి రోలర్ తిప్పించి, షామియానా వేయించి, చాపలు పరిపించి వేడుక జరిపారు.

ఫలించింది

వేడుక మర్నాటి నుంచి జూన్ మొదటి వారం వరకు దాదాపు ఆరు వారాల సమయం చేతికి వచ్చింది. ఏ గడ్డినీ వేయకుండా, ఆ ఎండను నేల కోసం వాడుకోవాలని నిర్ణయించాను. ముందు తవ్వించి చూస్తే పైన నాలుగు అంగుళాలు ఎర్రమట్టి, కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, మొరం. ఆ మట్టిని పరీక్షకు పంపితే పీహెచ్ 8.1 వచ్చింది, అంటే క్షారగుణం ఉంది; సేంద్రియ కర్బనం తక్కువ. పెళ్లలు ఏరించి, తొమ్మిది అంగుళాల లోతు వరకు ఎర్రమట్టి, చివికిన ఎరువు, వాగు ఇసుక కలిపించి, నీరు గేటు వైపు పారేలా వాలు పెట్టించాను. తరువాత నేలను బాగా తడిపి, పలుచని పారదర్శక పాలిథిన్ పరిచి అంచులు మట్టితో కప్పేశాం. ఆ షీటు కింద పై అంగుళాలలో వేడి 50 డిగ్రీల వరకు వెళ్లగలదు. కలుపు గింజలు, బూజు అవశేషాలు చాలావరకు నశిస్తాయి. తుంగ గడ్డలు మాత్రం లోతున ఉంటాయి కనుక ఈ పద్ధతికి పూర్తిగా లొంగవు. షీటు తీశాక రెండుసార్లు తడిపి, మొలిచిన తుంగను గడ్డతో సహా తీయించాం. ఇది విసుగు పుట్టించే పని, దీనికి దగ్గరి దారి నాకు కనబడలేదు.

ఏ గడ్డి వేయాలన్న ప్రశ్నకు ఒకే జవాబు వెతకడం మానేశాను. చాక్‌పీసుతో గోడ మీద, సున్నంతో నేల మీద గుర్తులు పెట్టి, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు గంటకోసారి ఎండ ఎక్కడ పడుతోందో చూడమని మాలికి చెప్పాను. మూడు రోజులలో నేల తనంతట తానే మూడు ముక్కలైంది. ఎనిమిది గంటలకు పైగా ఎండ పడే పెద్ద భాగంలో సెలక్షన్ వన్ అని నర్సరీలలో దొరికే సన్నాకు బెర్ముడాను నాటించాను. ఇది మన గరికకు దగ్గరి చుట్టమే. వినాయక చవితికి దూర్వాలుగా కోసుకొచ్చే గరిక మండు వేసవిలో గట్ల మీద ఎలా బతుకుతుందో చూసినవారికి ఈ ఎంపికను వివరించనవసరం లేదు. టిఫ్‌వే వంటి సంకర బెర్ముడాలకు మొలకెత్తే విత్తనమే ఉండదు, నారు పోచలతోనే పెంచాలి. సెలక్షన్ వన్‌ను కూడా పోచలుగానే నాటాం. నాలుగైదు గంటల ఎండ వచ్చే వేప అంచున బఫెలో గడ్డి వేశాం. ఆకు వెడల్పు, అందం తక్కువ, నీడకు మాత్రం ఓర్చుకుంటుంది. సరిగ్గా చెట్టు మొదట్లో గడ్డి వద్దని చెప్పి, అరుగు కట్టించాను.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, కడియం నుంచి వచ్చిన గడ్డిని విడదీసి, మూడంగుళాల ఎడంతో నాట్లు వేసినట్టు నాటించాం. తయారుగా ఉన్న గడ్డి పరుపులు పరిస్తే పది రోజులలో పచ్చబడేది. పరుపుతో పాటు దాని అడుగున వచ్చే బంకమట్టి, అందులోని తుంగ కూడా వస్తాయి. ఆరు వారాలు కష్టపడి శుభ్రం చేసిన నేలలోకి మళ్లీ దాన్ని తెచ్చుకోవడం నాకిష్టం లేకపోయింది. పోచల వేర్లను కడిగించి మరీ నాటాం. ఆగస్టు ఆఖరుకు నేల కనబడకుండా అల్లుకుంది.

అమ్మగారికి మాత్రం ఆ మెత్తని గడ్డి మీద మనసు పోలేదు. ఆమె కోరికను కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచలేదు. వరండా ముందు, ఉదయపు ఎండ తగిలే రెండు వందల చదరపు అడుగుల పట్టీని లాన్ నుంచి ఇటుక అంచుతో వేరు చేశాం. అందులో ఏటా నవంబరులో, లైసెన్సున్న విత్తన వ్యాపారి దగ్గర కొన్న రైగ్రాస్ చల్లుకోవచ్చు, మార్చిలో తీసేసి బంతి నారు పెట్టుకోవచ్చు. నాలుగు నెలల అతిథి అని ముందే తెలిసి వేస్తే అది వైఫల్యం అవదు.

కుమారుడి లాన్

ఈ పని నడుస్తుండగానే కుమారుడు ఫోన్ చేశాడు. “అన్నా, ఇక్కడ మా లాన్ కూడా అంత బాగాలేదు. ముందు వైపు పలుచబడింది, వెనక మేపుల్ చెట్టు కింద నేల కనబడుతోంది. అదే విత్తనం ప్రతి ఏప్రిల్‌లో వేస్తున్నాను” అన్నాడు. చలిదేశంలో చలిప్రాంతపు విత్తనం వేసినంత మాత్రాన ఎంపిక పూర్తవదు. అక్కడున్న తెలుగువారికి పనికొస్తుందని ఆ సంభాషణ సారం కూడా రాస్తున్నాను.

వాళ్ల అమ్మగారి ఇంట్లో చేసినట్టే, ముందు ఎండను గంటల లెక్కన కొలవమన్నాను. కెంటకీ బ్లూగ్రాస్‌కు నిండు ఎండ కావాలి. భూమి లోపల పాకే కాండాలతో ఖాళీలను తానే పూడ్చుకుంటుంది, కఠినమైన చలికి ఆగుతుంది. మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రైగ్రాస్ వారంలోపే మొలుస్తుంది, తొక్కుడుకు ఆగుతుంది, గుత్తులుగా పెరుగుతుంది కనుక ఖాళీ పడితే పూడదు. విపరీతమైన చలికి మాత్రం రైగ్రాస్, బ్లూగ్రాస్ ఓర్చుకున్నంతగా ఓర్వదు. పొడవాటి వేర్లున్న టాల్ ఫెస్క్యూ వేసవి ఎద్దడికి మేలు. సన్నాకు ఫెస్క్యూలు నీడకు, బలం తక్కువ నేలకు సరిపోతాయి, ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఎరువు ఇస్తేనే పాడవుతాయి. ఎండకూ నీడకూ అని ఒకే సంచిలో వీటిని కలపడం వెనుక తర్కం ఉంది: ఎక్కడ ఏది నిలిస్తే అది నిలుస్తుంది. ఆ తర్కం ప్రకారం ప్రతి చోటా సంచిలో కొంత భాగం చావడానికే వేస్తున్నట్టు లెక్క. ఏ చోటికి ఏది నిలుస్తుందో తెలిసినప్పుడు, విడిగా కొనడమే పొదుపు.

అందుకని ముందు వైపుకు బ్లూగ్రాస్‌లోనే మూడు నాలుగు వెరైటీలు కలిపినది, తోడుగా రైగ్రాస్ 15 శాతం మించకుండా సూచించాను. ఒకే వెరైటీ వేస్తే ఒకే తెగులుకు లాన్ అంతా లొంగిపోతుంది. రైగ్రాస్ ఎక్కువైతే వారాల ముందే మొలిచి, నిదానంగా వచ్చే బ్లూగ్రాస్‌ను నీడలో తొక్కేస్తుంది. అతని పాత సంచిలో జరిగింది అదే. లేబుల్‌లో బరువు చూసి మోసపోవద్దని కూడా చెప్పాను: రైగ్రాస్ గ్రాముకు సుమారు 500 గింజలుంటే, బ్లూగ్రాస్ గ్రాముకు రెండు వేలకు పైగానే ఉంటాయి. ఆ సంచిలో బరువు ప్రకారం రైగ్రాస్‌లో సగమే ఉన్న బ్లూగ్రాస్, గింజల లెక్కన దానికంటే ఎక్కువ. అయినా వేగం ముందు సంఖ్య ఓడిపోయింది.

మేపుల్ కింద సన్నాకు ఫెస్క్యూలు మాత్రమే వేయమన్నాను, మూడు గంటల ఎండ కూడా రాని చోట గడ్డి ఆలోచనే వదులుకోమన్నాను. కొనేటప్పుడు వెరైటీ పేర్లు రాసి ఉన్న సంచినే ఎంచుకోవాలి. ‘వెరైటీ నాట్ స్టేటెడ్’ అని ఉంటే దాని గుణమేమిటో చూసుకోవడానికి దారి ఉండదు. పేరు ఉంటే నేషనల్ టర్ఫ్‌గ్రాస్ ఎవాల్యుయేషన్ ప్రోగ్రామ్ వారు ఒకటి నుంచి తొమ్మిది వరకు ఇచ్చే మార్కులలో ఆ వెరైటీ ఎక్కడుందో వెతుక్కోవచ్చు. స్వచ్ఛత శాతాన్ని మొలక శాతంతో గుణిస్తే నిజంగా మొలిచే విత్తనమెంతో తేలుతుంది: 95 శాతం స్వచ్ఛత, 85 శాతం మొలక ఉన్న కిలో సంచిలో మొలిచేది 800 గ్రాముల పైచిలుకు మాత్రమే. పూత వేసిన సంచిలో అది సగానికి పడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు నెల విషయంలో. ఏప్రిల్‌లో వేస్తే లేత మొక్క వేర్లు దిగకముందే జూలై వేడి, వేసవి కలుపు మీద పడతాయి. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు అక్కడి నేల ఇంకా వెచ్చగా, గాలి చల్లగా ఉంటుంది. ముందు శరదృతువు, తరువాత వసంతం, రెండు మంచి కాలాలు దొరికాక గానీ మొదటి వేసవి రాదు. తల్లిగారి లాన్‌ను చంపింది వేసవి, కొడుకు లాన్‌ను పలుచన చేసిందీ వేసవే. చలిదేశమని చలిని మాత్రమే చూసుకున్నాడు అతను. శీతకాలం మంచిదని వేసవిని మరచారు ఇక్కడివారు. అప్పటి నుంచి, ఏ ఊరి లాన్ గురించి అడిగినా, ఆ చోట ఏడాదిలో అత్యంత కష్టమైన నెల ఏది, ఆ నెలలో రాత్రి ఎంత వేడి ఉంటుంది అన్న రెండు ప్రశ్నలు నా కాగితంలో మొదట రాసుకుంటున్నాను.

ఇప్పటి స్థితి

బెర్ముడా రెండు వేసవులు దాటింది. మేలో పదును తగ్గి కొంచెం వాడినా, తొలకరికి తేరుకుంటోంది. శీతకాలంలో రంగు మందగిస్తుంది, దాన్ని చూసి కంగారుపడి యూరియా చల్లవద్దని మాలికి చెప్పి ఉంచాను. బఫెలో గడ్డి వేప వైపు అడుగున్నర మేర పలుచబడింది. చెట్టు పెరిగి నీడ ముందుకు వచ్చింది కనుక, వచ్చే వానాకాలంలో అరుగును అంత మేరకు పెంచాలని అనుకుంటున్నాం. తుంగ పూర్తిగా పోలేదు, గేటు దగ్గర ప్రతి జూలైలో పది పన్నెండు మొక్కలు వస్తాయి. కుమారుడు సెప్టెంబరు మొదటి వారంలో విత్తనం వేశాడు, ముందు వైపు మరుసటి ఏడాదికి బాగా కమ్ముకుందని చెప్పాడు. మేపుల్ మొదట్లో ఫెర్న్ మొక్కలు పెట్టుకున్నాడు. వరండా ముందు పట్టీలో మొన్న నవంబరులో రైగ్రాస్‌ను అమ్మగారే స్వయంగా చల్లారు, ఏడో రోజున మొలిచిందని నాకు ఫోన్ చేసి చెప్పారు.